పాకాల–ఏటూరునాగారం అడవులు: వన్యప్రాణి, పర్యావరణ సంరక్షణ

నిర్వచనం, పరిధి

గోదావరి కుడి గట్టు మొదలుకొని పాకాల చెరువు మీదుగా బయ్యారం గుట్టల దాకా పరుచుకున్న ఆకురాల్చే అడవుల సముదాయాన్ని ఈ వ్యాసంలో పాకాల–ఏటూరునాగారం అడవులు అని వ్యవహరిస్తున్నాం. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా విడిపోయాక ఈ అడవులు జయశంకర్ భూపాలపల్లి, మహబూబాబాద్, వరంగల్ జిల్లాల్లోకి, 2019లో ఏర్పడిన ములుగు జిల్లాలోకి చీలిపోయాయి. ఇక్కడ రెండు అభయారణ్యాలు ఉన్నాయి. ఏటూరునాగారం విస్తీర్ణం సుమారు 806 చదరపు కిలోమీటర్లు, పాకాలది దాదాపు 860. దక్షిణాన 1977లో ప్రకటించిన కిన్నెరసాని అభయారణ్యం ఉంది. ఈశాన్యంగా గోదావరి దాటితే ఛత్తీస్‌గఢ్‌లోని ఇంద్రావతి పులుల అభయారణ్యం వస్తుంది.

మహబూబాబాద్ జిల్లా నెల్లికుదురు మండలం ఈ అడవుల్లో భాగం కాదు. అడవి అయిపోయిన చోట మొదలయ్యే చెరువుల మైదానంలో, ఆకేరు వాగు పరీవాహకంలో ఉన్న వ్యవసాయ మండలం అది. వరి, పత్తి, మిర్చి, మొక్కజొన్న అక్కడి పంటలు. అయినా అలాంటి మైదానపు ఊళ్లను వదిలేస్తే ఈ అడవుల సంరక్షణ గురించిన వివరణ సగమే అవుతుంది. మేత, నీడ కరువైన జంతువు చేలలోకి దిగుతుంది. ఎగువన కురిసిన వాన కింది చెరువులకే చేరుతుంది. చేను కాపాడుకోవడానికి రైతు పెట్టిన తీగ అడవి జంతువును చంపుతుంది. అందువల్ల ఈ ప్రాంతంలో సంరక్షణ ఫలితాన్ని అభయారణ్యం సరిహద్దు గీత ఒక్కటే తేల్చదు. భూమి హక్కు, జంతువుల దారి, నీటి దారి అనే మూడు విషయాలు ఆ గీతకు ఇరుపక్కలా ఎలా పరిష్కారమయ్యాయన్నదే అసలు కొలమానం. అందుబాటులో ఉన్న ఆధారాలను ఈ దృష్టితోనే కింద పరిశీలిస్తున్నాం.

భౌగోళిక స్వరూపం, జీవజాలం

ఇవి ప్రధానంగా పొడి నేలల ఆకురాల్చే అడవులు. టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి, వేగి, వెదురు ముఖ్యమైన జాతులు. చలికాలం చివర ఆకు రాలి, వేసవిలో నేలంతా ఎండుటాకు పరుచుకుంటుంది. నిప్పు అంటుకునే కాలం అదే. తునికి చెట్టు కొత్త చిగురు వేయాలని నేలకు నిప్పు పెట్టే అలవాటు, ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాల్చే అలవాటు ఈ నిప్పులకు కొంత కారణం. తునికాకు సేకరణ ఎండాకాలంలో గిరిజన కుటుంబాల చేతికి నగదు వచ్చే కొద్ది మార్గాల్లో ఒకటి. యాభై ఆకులను ఒక కట్టగా కట్టి, కల్లంలో ఆరబెట్టి అమ్ముతారు. నిప్పు పెట్టవద్దని చెప్పడం తేలికే. దానికి బదులు కొమ్మ నరికి చిగురు తెప్పించే పనికి కూలి సకాలంలో అందితేనే ఆ మాట నిలుస్తుంది.

చుక్కల దుప్పి, కణుజు, నీల్గాయి, అడవిదున్న, ఎలుగుబంటి, చిరుత, రేచుకుక్క, నక్క, అడవిపంది, నెమలి ఈ అడవుల్లో కనిపించే జంతువుల్లో కొన్ని. ఏటూరునాగారం అభయారణ్యం మధ్యగా దయ్యాల వాగు పారుతుంది. మేడారం దగ్గర జంపన్న వాగు ఉంది. పాకాల చెరువు నుంచి మున్నేరు మొదలై మహబూబాబాద్, ఖమ్మం జిల్లాల మీదుగా కృష్ణలో కలుస్తుంది. ఆకేరు దానికి ఉపనది. ఇక్కడి జంతువుల దారులు గోదావరి వైపుకు, నీటి దారుల్లో కొన్ని కృష్ణ వైపుకు సాగుతాయి. ఒకే అడవికి రెండు నదులతో సంబంధం ఉండటం ఈ ప్రాంతపు ప్రత్యేకత.

చరిత్ర

అడవిని, చెరువును కలిపి చూసే అలవాటు ఇక్కడ కాకతీయుల కాలం నాటిది. గణపతిదేవుని పాలనలో, 13వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో, జగదాళ ముమ్మడి పాకాల చెరువు కట్టించాడు. దాదాపు అదే కాలంలో రేచర్ల రుద్రుడు రామప్ప చెరువును, గుడిని నిర్మించాడు. బయ్యారం చెరువును గణపతిదేవుని సోదరి మైలాంబ కట్టించింది. అక్కడి శాసనం కాకతీయ వంశక్రమానికి ముఖ్యమైన ఆధారం. ఈ చెరువుల నిర్మాణానికి ఒక పద్ధతి ఉంది. గుట్టల నడుమ ఇరుకైన చోట కట్ట వేసి, పైన ఉన్న అడవిని నీరు పట్టే నేలగా వదిలేసి, కింద ఆయకట్టు సాగు చేశారు. పైన అడవి ఉన్నంత కాలం చెరువులోకి చేరే మట్టి తక్కువ. ఈ లెక్క శాసనాల్లో విడిగా రాసి లేకపోయినా చెరువుల స్థానాలను చూస్తే తెలుస్తుంది.

నిజాం కాలంలో ఈ అడవులు కలపకు, వేటకు పేరుపొందాయి. హైదరాబాదు రాష్ట్రం భారత యూనియన్‌లో కలిసిన నాలుగేళ్లకు, 1952లో, పాకాల, ఏటూరునాగారం రెండూ అభయారణ్యాలయ్యాయి. దేశానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది 1972లో. పులుల ప్రాజెక్టు 1973లో మొదలైంది. అంటే జాతీయ చట్టం కన్నా రెండు దశాబ్దాల ముందే ఇక్కడి అడవికి రక్షిత హోదా దక్కింది. ఇంత పాత హోదా ఉన్నా ఈ రెండు చోట్లా నేడు స్థిరంగా పిల్లలు పెట్టే పులుల సంతతి లేదు. అప్పుడప్పుడు దారిన పోయే పులులే కనిపిస్తున్నాయి. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్‌కు దక్కిన స్థాయి వీటికి దక్కలేదు. హోదా పాతదైనంత మాత్రాన రక్షణ గట్టిదని చెప్పలేమనడానికి ఈ చరిత్రే మొదటి ఆధారం.

చట్ట వ్యవస్థ, రక్షిత ప్రాంతాల రకాలు

1972 చట్టం ప్రకారం రక్షిత ప్రాంతాలు నాలుగు రకాలు: జాతీయ ఉద్యానం, అభయారణ్యం, సంరక్షణ రిజర్వు, సామాజిక రిజర్వు. పులుల అభయారణ్యాన్ని ఆ చట్టానికి 2006లో చేర్చిన నిబంధనల కింద ప్రకటిస్తారు. 1980 అటవీ సంరక్షణ చట్టం అటవీ భూమిని ఇతర అవసరాలకు మళ్లించే ముందు కేంద్రం అనుమతి తప్పనిసరి చేసింది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, నిఘంటువు అర్థంలో అడవి అనదగ్గ ప్రతి నేలకూ ఆ చట్టం వర్తిస్తుందని చెప్పింది. 2023లో జరిగిన సవరణ ఈ పరిధిని కుదించిందన్న వాదన వచ్చినప్పుడు, 2024 ఫిబ్రవరి 19న మధ్యంతర ఉత్తర్వులో కోర్టు పాత నిర్వచనాన్నే పాటించమని రాష్ట్రాలను ఆదేశించింది. రికార్డుల్లో అడవిగా నమోదు కాని గుట్టలు, పొదల బీళ్లు మైదాన మండలాల్లో చాలా ఉంటాయి కనుక వాటికి ఈ నిర్వచనం కీలకం.

అంతర్జాతీయంగా 2022 డిసెంబరులో కున్మింగ్–మాంట్రియల్ ఒప్పందం 2030 నాటికి నేల, నీటి విస్తీర్ణంలో 30 శాతాన్ని రక్షణలోకి తేవాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ లెక్కలో శాతం ఎంత ముఖ్యమో, రక్షిత ప్రాంతాల మధ్య అనుసంధానం అంతే ముఖ్యమని ఒప్పందం చెబుతుంది. పాకాల, ఏటూరునాగారం అడవుల విషయంలో శాతం సమస్య లేదు. అనుసంధానమే సమస్య.

పోడు, భూమి హక్కు (చూడండి: అటవీ హక్కుల చట్టం)

పోడు అంటే అడవి కొట్టి చేసుకునే సాగు. ఈ ప్రాంతంలో కోయలు, లంబాడీలు, ఇతర గిరిజనులు తరతరాలుగా సాగు చేస్తున్న భూములకూ, ఇటీవల కొత్తగా కొట్టిన భూములకూ వాడుకలో ఒకే పేరు ఉంది. చట్టం మాత్రం ఈ రెంటినీ వేరు చేస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనులకు, గరిష్ఠంగా 4 హెక్టార్ల దాకా, హక్కు లభిస్తుంది. గిరిజనేతరులైతే మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అక్కడ నివసిస్తున్నట్టు చూపాలి. హక్కు నిర్ధారణ ప్రక్రియను మొదలుపెట్టేది గ్రామసభ. తెలంగాణలో 2023 జూన్ 30న మొదలైన పంపిణీలో సుమారు 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాల పోడు పట్టాలు ఇస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. మహబూబాబాద్ జిల్లా ఆ పంపిణీలోని ప్రధాన జిల్లాల్లో ఒకటి.

హక్కు తేలని చోట ఏం జరుగుతుందో ఈ అడవుల అంచులు చెబుతాయి. అటవీ శాఖ సరిహద్దు వెంట కందకం తవ్వుతుంది. కందకానికి అడవి వైపు మిగిలిన చేను తనదేనని సాగుదారు మళ్లీ నాగలి కడతాడు. వానాకాలం మొదట్లో విత్తనాల వేళ, శాఖ మొక్కలు నాటే వేళ ఒకటే కావడంతో ఏటా జూన్, జులై నెలల్లో గొడవలు రేగుతాయి. 2022 నవంబరులో పొరుగున ఉన్న భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక అటవీ రేంజి అధికారి పోడు వివాదంలో హత్యకు గురయ్యారు. ఛత్తీస్‌గఢ్‌లో 2005 తర్వాతి హింసను తప్పించుకుని వచ్చిన గుత్తికోయల గూడేల పరిస్థితి మరింత చిక్కైనది. ఇక్కడ వారు స్థానిక గిరిజనులుగా గుర్తింపు పొందలేదు, తిరిగి వెళ్లే దారీ సులువు కాదు.

పట్టాలు ఇవ్వడం అడవిని ముక్కలు చేయడమేనన్నది సంరక్షణవాదుల్లో ఒక వర్గం అభ్యంతరం. ఇందులో కొంత నిజం ఉంది. అడవి నడుమ చెదురుమదురుగా ఇచ్చిన వ్యక్తిగత పట్టాలు జంతువుల దారుల్ని కత్తిరిస్తాయి. గడువు తేదీ తర్వాత కొట్టిన భూమి కూడా పాతదిగా చెలామణి అయ్యే ప్రమాదం ఉంది. ఉపగ్రహ చిత్రాలతో తేదీ సరిచూడటం దీనికి విరుగుడు. కానీ హక్కు ఎటూ తేల్చకపోవడం వల్ల అడవి మిగిలిందన్న ఆధారం లేదు. భారత అటవీ స్థితి నివేదిక 2023 ప్రకారం తెలంగాణలో 2021తో పోలిస్తే అటవీ విస్తీర్ణం సుమారు 100 చదరపు కిలోమీటర్లు తగ్గింది. అటవీ హక్కుల చట్టంలోనే మరో నిబంధన ఉంది. వ్యక్తిగత పట్టాతో పాటు ఊరందరికీ కలిపి అడవిని కాపాడుకునే సామూహిక హక్కు ఇవ్వవచ్చు, గ్రామసభపై వన్యప్రాణి రక్షణ బాధ్యతనూ పెట్టవచ్చు. రాష్ట్రంలో పంపిణీ ఎక్కువగా వ్యక్తిగత పట్టాలకే పరిమితమైంది. అందువల్ల చట్టంలోని హక్కు భాగం ముందుకు నడిచింది, కాపలా భాగం వెనకబడింది.

కోంపల్లి భూమి కేసు

అడవి భూమికి ముప్పు ఎప్పుడూ పోడు సాగుదారు నుంచే వస్తుందన్న అభిప్రాయాన్ని భూపాలపల్లికి చెందిన ఒక కేసు సరిదిద్దుతుంది. కోంపల్లి గ్రామంలోని 106.34 ఎకరాలు రిజర్వు అడవిలో ఉన్నాయా, ప్రైవేటు పట్టా భూమా అన్న వివాదం దశాబ్దాల పాటు నడిచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2024 ఏప్రిల్ 18న జస్టిస్ ఎం.ఎం. సుందరేశ్, జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టిల ధర్మాసనం ఆ భూమి అటవీ భూమేనని తీర్పు చెప్పింది. అటవీ శాఖ ఒక వైపు భూమి తనదని వాదిస్తుండగా, ప్రభుత్వంలోని మరో విభాగం దానికి విరుద్ధంగా ప్రమాణపత్రం దాఖలు చేయడాన్ని కోర్టు తప్పుబట్టింది. ఇరుపక్షాలపైనా ఐదు లక్షల రూపాయల చొప్పున ఖర్చులు విధించింది. మనిషి అవసరాన్ని కేంద్రంగా పెట్టుకొని కాక, ప్రకృతిని కేంద్రంగా పెట్టుకొని భూమిని చూడాలని తీర్పు పేర్కొంది.

ఈ కేసు నుంచి తేలేది పరిమితమైన విషయమే అయినా ముఖ్యమైనది. రెవెన్యూ రికార్డు, అటవీ రికార్డు ఒకే నేలను రెండు రకాలుగా చెప్పినప్పుడు హద్దురాయి ఎక్కడ ఉన్నా ప్రయోజనం ఉండదు. రెండు శాఖలూ కలిసి కొలిచి, ఒకే పటం మీద సంతకం చేసే పని పూర్తికాని చోట్ల పేద సాగుదారుకూ ధీమా లేదు, అడవికీ లేదు. కాగితం బలం, కోర్టు ఖర్చులు భరించే స్తోమత ఉన్నవారికే ఆ సందిగ్ధం లాభిస్తుంది.

జంతువుల దారి (చూడండి: పులుల కారిడార్)

2018 గణనలో తెలంగాణలో 26 పులులు నమోదయ్యాయి, 2022లో 21. దేశం మొత్తం మీద అదే కాలంలో సంఖ్య పెరిగి 3,682కు చేరింది. రాష్ట్రానికి పులులు మహారాష్ట్ర తాడోబా అడవుల నుంచి ప్రాణహిత దాటి, ఛత్తీస్‌గఢ్ నుంచి గోదావరి దాటి వస్తాయి. 2024 డిసెంబరులో ములుగు జిల్లాలోనూ, వరంగల్ జిల్లా నల్లబెల్లి పరిసరాల్లోనూ పులి అడుగుజాడలు కనిపించాయి. నల్లబెల్లి దగ్గర ఎక్కువగా పంట చేలే. పులి అక్కడికి చేరిందంటే దారి ఇంకా పూర్తిగా తెగలేదని అర్థం. ఆ దారి అభయారణ్యంలో కాక చేల మధ్య నుంచి సాగుతోందని కూడా అర్థం.

ఆ చేలలో పులికి తుపాకీ కన్నా తీగ ప్రమాదకరం. అడవిపందుల కోసం పెట్టే ఉచ్చు అమరిక చాలా సాదాది. చేను అంచున మోకాలి ఎత్తు కర్ర గుంజలు పాతి సన్నని ఇనుప తీగ లాగుతారు. దాని కొసను పొడవాటి కర్రతో పైనున్న విద్యుత్ తీగకు కొక్కెంలా తగిలిస్తారు. చీకటి పడ్డాక తగిలించి తెల్లవారకముందే తీసేస్తారు కనుక పగటి తనిఖీకి వచ్చిన బీటు అధికారికి కనిపించేవి గుంజలు మాత్రమే. పంది, దుప్పి, పశువు, రాత్రి నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతు, ఎవరు తాకినా ఫలితం ఒకటే. రాష్ట్రం ఉత్తరపు కొసన ఉన్న కాగజ్‌నగర్ డివిజన్‌లోని పెంచికల్‌పేట అడవుల్లో 2025 మే నెలలో ఒక ఆడపులి ఇలాంటి తీగకే బలైంది. అదే డివిజన్‌లోని దరిగాం దగ్గర 2024 జనవరిలో రెండు పులులు చనిపోయాయి. పులి చంపిన పశువు కళేబరంపై విషం చల్లడమే అందుకు కారణమని విచారణలో తేలింది.

రెండో పక్క నష్టం కూడా అంతే వాస్తవం. 2024 నవంబరు 29న కాగజ్‌నగర్ దగ్గర గన్నారంలో పత్తి చేనుకు వెళ్లిన ఒక యువతిని పులి చంపింది. మర్నాడు పక్క మండలంలో ఒక రైతు గాయపడ్డాడు. పులి రక్షణ పేరుతో మనుషుల్ని బలిచేస్తున్నారన్న విమర్శకు మూలం ఇటువంటి సంఘటనలు. 2025 మే 30న ప్రభుత్వం జీవో 49 ద్వారా కవ్వాల్‌ను తాడోబాతో కలుపుతూ సుమారు 1.49 లక్షల హెక్టార్లను కుమురం భీం సంరక్షణ రిజర్వుగా ప్రకటించినప్పుడు, దాని పరిధిలోని 339 గ్రామాల నుంచి ఆందోళన వచ్చింది. ఆదివాసీ సంఘాల బందు పిలుపు నేపథ్యంలో జులై 21న ప్రభుత్వం ఆ ఉత్తర్వును నిలిపివేసింది. చట్టం ప్రకారం సంరక్షణ రిజర్వు ప్రకటనతో ఊళ్లు ఖాళీ చేయించడం తప్పనిసరి కాదు. ఆ మాట గ్రామసభల్లో ముందుగా వివరించి, హక్కుల పత్రాలు చేతికి ఇచ్చిన తర్వాత ప్రకటన వెలువడి ఉంటే నిరసన స్వరూపం వేరుగా ఉండేదని చెప్పడానికి ఆధారం ఉంది. కవ్వాల్ కోర్ ప్రాంతంలోని రాంపూర్, మైసంపేట గ్రామాల 142 కుటుంబాలు ఏళ్ల తరబడి చర్చల తర్వాత 2024లో పునరావాసానికి తరలాయి. చర్చలు నడిచిన చోట తరలింపు సైతం సాధ్యమైంది. అవి లేని చోట కాగితం మీది ప్రకటనే నిలవలేదు.

కోతులు, పందులు, గుట్టలు: మైదాన మండలాల సమస్య

నెల్లికుదురు, కేసముద్రం, తొర్రూరు వంటి మండలాల్లో వన్యప్రాణి అనగానే రైతుకు గుర్తొచ్చేవి పులి, చిరుత కావు. కోతి, అడవిపంది. మొక్కజొన్న కంకి పాలు పట్టే దశలో పందులు రాత్రి, కోతులు పగలు చేనులో దిగుతాయి. కోతి తినేదాని కన్నా పీకి పారేసేది ఎక్కువ. ఈ బెడదతో వేరుశనగ, కూరగాయలు, పండ్లతోటలు మానేసి, కోతి ముట్టని పత్తి, మిర్చి వైపు రైతులు మొగ్గుతున్నారు. ఇది లెక్కల్లోకి రాని నష్టం. పంట నష్టపరిహారం దెబ్బతిన్న పంటకే వస్తుంది, వేయకుండా వదిలేసిన పంటకు రాదు.

2015 జులైలో మొదలైన తెలంగాణకు హరితహారం కార్యక్రమం వానలు వాపసు రావాలి, కోతులు వాపసు పోవాలి అన్న నినాదంతో ప్రచారమైంది. నినాదంలోని తర్కం సరైనదే. అడవిలో పండ్ల చెట్టు ఉంటే కోతి ఊళ్లోకి రాదు. అయితే ఊళ్లో దొరికే తిండికి అలవాటు పడిన గుంపు చెట్లు నాటగానే తిరిగిపోదని ఈ పదేళ్ల అనుభవం. 2020 డిసెంబరులో నిర్మల్ దగ్గర చించోలిలో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం మొదలైంది. అక్కడ కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేస్తారు. కోతుల సంఖ్యతో పోలిస్తే ఒక కేంద్రం సామర్థ్యం చిన్నది. పట్టి అడవిలో వదిలితే అవి దగ్గర్లోని మరో ఊరికి చేరతాయి. ఒక ఊరి సమస్య పక్క ఊరికి మారుతుంది తప్ప తీరదు.

మైదానంలో కోతికి, నెమలికి, ఎలుగుబంటికి నీడ ఇచ్చేవి రాతి గుట్టలు. సీతాఫలం చెట్లు, పొదలు, రాళ్ల సందుల్లో నిలిచే నీరు వాటి ఆస్తి. మహబూబాబాద్ జిల్లాలో గ్రానైట్ క్వారీలు ఈ గుట్టలనే తొలుస్తున్నాయి. గుట్టలు చాలా వరకు రెవెన్యూ భూములు కావడంతో అభయారణ్యం నియమాలు వాటికి తగలవు. హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల విషయంలో 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించినప్పుడు దేశం దృష్టి అటు మళ్లింది. రికార్డుల్లో అడవి కాకపోయినా అడవి లక్షణాలున్న నేల అక్కడా ఉంది, మైదాన మండలాల గుట్టల్లోనూ ఉంది. ఆ గుట్టల గురించి మాట్లాడేవారు తక్కువ.

నీటి దారి: 2024 ఆగస్టు 31

2024 ఆగస్టు 31 సాయంత్రం ములుగు జిల్లా తాడ్వాయి–మేడారం మధ్య అడవిలో పెనుగాలికి చెట్లు కూకటివేళ్లతో కూలాయి. దాదాపు 200 హెక్టార్లలో 50 వేలకు పైగా చెట్లు పడిపోయాయని అటవీ శాఖ తొలి అంచనా. నేల లోతు తక్కువగా ఉండి వేళ్లు కిందికి దిగకపోవడం, వానలకు మట్టి నానిపోవడం కారణాలుగా అధికారులు చెప్పారు. అదే రాత్రి మహబూబాబాద్ జిల్లాను కుండపోత ముంచెత్తింది. చెరువులు తెగాయి, ఆకేరు, మున్నేరు పొంగాయి. నెల్లికుదురు మండలం రావిరాల నీట మునిగింది. ఇంటికన్నె–కేసముద్రం మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి విజయవాడ మార్గంలో రైళ్లు ఆగిపోయాయి.

ఈ రెండు ఘటనలనూ కార్యకారణాలుగా ముడిపెట్టడం సరికాదు. చెట్లు కూలడం వల్ల వరద రాలేదు. రెండింటికీ మూలం ఒకే వాతావరణ వ్యవస్థ. అడవి దట్టంగా ఉండి ఉంటే రావిరాల మునిగేది కాదని కూడా చెప్పలేం. అంతటి వాన ఒక్క రాత్రిలో కురిస్తే ఏ అడవీ దాన్ని పూర్తిగా పీల్చుకోలేదు. అడవి చేసేది వేరు. మామూలు వానల్లో మట్టి కొట్టుకుపోకుండా పట్టి ఉంచి, చెరువుల లోతు తగ్గకుండా చూస్తుంది. పూడిక తక్కువగా ఉన్న చెరువుకు అసాధారణ వాన వచ్చిన రోజున కాస్త ఎక్కువ జాగా మిగులుతుంది. మత్తడి మీద భారం కాస్త ఆలస్యంగా పడుతుంది. 2015 మార్చి 12న మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల పూడికతీతను లక్ష్యంగా పెట్టుకుంది. తీసిన పూడిక మళ్లీ పేరుకోకుండా ఉండాలంటే ఎగువ నేల మీద చెట్టు, గడ్డి నిలవాలి. వాగుల్లో ఇసుక తోడివేతకూ హద్దు ఉండాలి. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు కట్ట తెగితే కిందివి వరసగా తెగుతాయి. కాబట్టి పైనున్న అడవి సంరక్షణ, కింద కట్టల మరమ్మతు ఒకే పనికి రెండు కొసలు.

గనులు, ప్రాజెక్టులు, జాతర

భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు గనులు, చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం, మేడిగడ్డ వద్ద 2019 జూన్ 21న ప్రారంభమైన కాళేశ్వరం ఎత్తిపోతల బ్యారేజీ ఉన్నాయి. కాళేశ్వరానికి పర్యావరణ అనుమతి పని మొదలైన తర్వాత తీసుకోవడం చట్టవిరుద్ధమని 2020 అక్టోబరు 20న జాతీయ హరిత ట్రైబ్యునల్ తేల్చింది. అప్పటికే నిర్మాణం చాలావరకు పూర్తయింది. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ పియర్లు కుంగాయి. బయ్యారం ఇనుప ఖనిజం ఆధారంగా ఉక్కు కర్మాగారం అన్న డిమాండుకు 2014 విభజన చట్టంలోని 13వ షెడ్యూలు ఒక ఆధారం. స్థానిక యువతకు ఉపాధి కావాలన్న ఆ డిమాండుకు న్యాయమైన పునాది ఉంది. అనుమతి ముందుగా తీసుకోవాలన్న నియమం అభివృద్ధికి అడ్డు కాదు. మళ్లించిన అడవికి బదులు మొక్కలు నాటించే పరిహార వనీకరణ నిధి చట్టం 2016 నుంచి ఉంది. అయితే ఒక జిల్లాలో పోయిన పాత అడవికి మరో జిల్లా బీడులో నాటిన వరసల తోట జంతువుకు దారి కాలేదు.

మేడారం సమ్మక్క–సారలమ్మ జాతర రెండేళ్లకోసారి ఏటూరునాగారం అభయారణ్యం పరిధిలోనే జరుగుతుంది. కోయ సంప్రదాయపు ఈ జాతరలో విగ్రహాలు లేవు, మొక్కులు గద్దెలకే. లక్షల మంది వచ్చి వెళ్లాక మిగిలే ప్లాస్టిక్, వంటచెరకు కోసం నరికే కొమ్మలు అభయారణ్యానికి భారం. కానీ ఈ అడవిని కాపాడటానికి జనంలో ఉన్న భక్తి కన్నా బలమైన ఆధారం మరొకటి లేదు. జాతరను అడవికి ఎదురుగా నిలబెట్టే వాదన ఇక్కడ నిలవదు.

ప్రాముఖ్యత, మదింపు

పాకాల–ఏటూరునాగారం అడవుల ప్రాముఖ్యత మూడు రకాలు. మధ్య భారతపు పులుల నేలకు ఇది దక్షిణపు అంచు. కాకతీయ చెరువుల వ్యవస్థకు ఇది నీరు పట్టే నేల. ఐదో షెడ్యూలు గిరిజన గ్రామాలకు ఇది జీవనాధారం. ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్నే పట్టుకుని మిగతావి వదిలిన విధానాలు సగంలో ఆగిపోయాయని పై ఆధారాలు చూపిస్తున్నాయి. 1952 నాటి హోదా పులిని నిలపలేదు. హక్కుల పట్టాలు కాపలాను తేలేదు. కారిడార్ ప్రకటన రెండు నెలలైనా నిలవలేదు. హరితహారం కోతిని వాపసు పంపలేదు.

ఇంత విస్తృత దృష్టి ఆచరణలో సాధ్యం కాదని, శాఖలు తమ హద్దుల్లోనే పనిచేస్తాయని వచ్చే చివరి అభ్యంతరానికి బరువుంది. అయితే కావలసిన పనులు కొత్తవి కావు. రెవెన్యూ, అటవీ శాఖల ఉమ్మడి సర్వే, గ్రామసభ ద్వారా సామూహిక హక్కు, చేను అంచున కరెంటు తీగ స్థానంలో సౌర కంచెకు సాయం, గుట్టల నమోదు, గొలుసుకట్టు చెరువుల కట్టల తనిఖీ అన్నీ ఇప్పటికే చట్టాల్లోనో పథకాల్లోనో ఉన్నవే. అవి ఎంతవరకు కలిసి నడిచాయో కొలవడానికి అభయారణ్యం నడిబొడ్డు కన్నా దాని అంచు మేలైన చోటు. అడవి అంచున కందకం పక్కన ఉన్న చేనుకు ఎవరి పేరున పత్రం ఉంది, నల్లబెల్లి దాకా వచ్చిన పులి ప్రాణంతో తిరిగి వెళ్లిందా, రావిరాలకు ఎగువన ఉన్న చెరువు కట్ట వానాకాలానికి ముందు బాగయిందా అన్న మూడు ప్రశ్నలకు దొరికే జవాబులే ఈ ప్రాంతపు సంరక్షణ స్థితికి నమ్మదగిన సూచికలు.

సంబంధిత శీర్షికలు: అటవీ హక్కుల చట్టం, ఆకేరు వాగు, కవ్వాల్ పులుల అభయారణ్యం, కాకతీయ చెరువులు, కిన్నెరసాని అభయారణ్యం, తునికాకు సేకరణ, పోడు వ్యవసాయం, మున్నేరు, మేడారం జాతర, వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972.